మోగని ఫోన్ల లెక్క

నిన్నటి దాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. అంతకు మించి చెప్పేంత గొప్పతనం అందులో లేదు. మార్కెట్ వరసగా పందొమ్మిది రోజులు పడింది. మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, నేను పనిచేసే ఈ షేర్ల కంపెనీకి యజమాని. ఇరవయ్యో రోజు పొద్దున ఆయన మీసం సవరించుకుంటూ ఆఫీసుకి వచ్చి, "ఇంక పడదు, అడుగు తగిలింది" అని తేల్చేశాడు. ఆ ఒక్క మాటని రెండు పేజీల ఉత్తరంగా సాగదీసింది నేను. ప్రతి శుక్రవారం మా ఖాతాదారులకి ఆయన పేరుతో వెళ్ళే ఉత్తరం తొమ్మిదేళ్ళుగా రాస్తున్నది నేనే. పైన ఫొటో ఆయనది, కింద సంతకం ఆయనది. మధ్యలో కోతలకి కామాలూ ఫుల్‌స్టాపులూ పెట్టే పని నాది.

అడుగు తగిలిందన్న ఆ ఉత్తరం ఈ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పదకొండు వేలమందికి ఈమెయిల్‌లో వెళ్ళింది. తొమ్మిదిన్నరకి నేను ఆఫీసుకి వచ్చేసరికి నా బల్ల మీద ఒక కాగితం ఉంది. మా దగ్గర పనిచేసేవాళ్ళు గానీ, యజమాని ఇంట్లోవాళ్ళు గానీ సొంతానికి షేర్లు కొనాలన్నా అమ్మాలన్నా ముందు నా సంతకం కావాలి. ఉత్తరంలో ఏముందో ముందే తెలిసినవాళ్ళు దాన్ని అడ్డం పెట్టుకుని సొమ్ము చేసుకోకూడదని పెట్టిన నియమం అది. ఆ కాగితం బోర్డమ్మది.

బోర్డమ్మ మా టెలిఫోన్ ఆపరేటర్. ఇరవై ఆరేళ్ళ క్రితం పాత టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. బోర్డు పోయినా పేరు ఉండిపోయింది. ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. రావాల్సిన డబ్బు పది రోజుల ముందే చేతికిచ్చారు. ఆవిడ రెండు గదుల ఇల్లొకటి బేరమాడుకుంది, మూడు నెలల్లో మొత్తం కట్టాలి. ఇంటి ధరకీ ఆవిడ చేతిలో ఉన్నదానికీ మధ్య నాలుగో వంతు తేడా ఉంది. ఆ నాలుగో వంతు మార్కెట్ ఇస్తుందని ఆవిడ ఆశ. అందుకని ఉన్నదంతా, పైసా వెనక్కి ఉంచుకోకుండా, ఈ రోజు మూడున్నరకి మార్కెట్ మూసేలోపు షేర్లలో పెట్టమని రాసి ఇచ్చింది. కారణం అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో "సార్ ఉత్తరం" అని ఉంది. సార్ ఉత్తరమంటే నా ఉత్తరమే కదా. కాగితం బోర్లా తిప్పి పెట్టాను.

ఇక్కడ మా బాబాయి అడుగు కనిపెట్టే విద్య గురించి చెప్పాలి. మిగతా కంపెనీల్లో పెద్ద చదువులవాళ్ళు గ్రాఫులు గీసి తప్పు చెబుతారు. మా ఆఫీసులో ఫోన్లు లెక్కపెట్టి చెబుతారు. బోర్డమ్మ దగ్గర ఒక రూళ్ళ పుస్తకం ఉంటుంది. రోజుకో పేజీ, పేజీకి మూడు గళ్ళు. అడిగేవాళ్ళు, తిట్టేవాళ్ళు, అమ్మేయమనేవాళ్ళు. ఫోన్ వచ్చినప్పుడల్లా ఆవిడ ఏదో ఒక గడిలో ఒక గీత పెడుతుంది. ఖాతాదారుల షేర్లు కొని, అమ్మిపెట్టే మా డీలర్లు దాన్ని ఏడుపు పుస్తకం అంటారు. బాబాయి సిద్ధాంతం ప్రకారం, మార్కెట్ పడటం మొదలైన మొదటి వారం జనం ఏమైందని అడుగుతారు, రెండో వారం మమ్మల్ని తిడతారు, మూడో వారం ఎంతొస్తే అంతకి అమ్మేయమంటారు. ఆ తర్వాత ఒక రోజు ఫోన్లు ఆగిపోతాయి. అమ్మాల్సినవాళ్ళంతా అమ్మేశారు, అమ్మేవాడు లేడు గనక ఇంక ధర పడదు. అదే అడుగు.

వినడానికి బాగానే ఉంటుంది. ఇరవై రెండేళ్ళ క్రితం ఒకసారి నిజం కూడా అయింది. అప్పటి పతనంలో ఒక బుధవారం తొమ్మిది వందల ఫోన్లు వచ్చాయి, గురువారం ఒక్కటీ రాలేదు. బాబాయి మధ్యాహ్నానికల్లా ఉత్తరం రాసి అచ్చుకి పంపాడు. సోమవారం మార్కెట్ లేచింది, నాలుగేళ్ళపాటు లేస్తూనే ఉంది. ఆయన మాట విని ఉన్నదంతా పెట్టిన ఆఫీసు జనం ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఉత్తరాన్ని ఆయన ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించాడు. ఆ తర్వాత మూడుసార్లు అడుగు తగిలిందన్నాడు, మూడుసార్లూ మార్కెట్ ఇంకా కిందికి పోయింది. ఆ ఉత్తరాలకి ఫ్రేములు కట్టించలేదు.

ఈ వారం ఏడుపు పుస్తకంలో సోమవారం ఆరు వందల నలభై గీతలున్నాయి. మంగళవారం నలభై. బుధవారం ఇరవై రెండు. నిన్న తొమ్మిది. ఇంకేం కావాలి మా వాళ్ళకి? డీలింగ్ గదిలో ఆరుగురు మగాళ్ళు మోగని ఫోన్లకేసి ముద్దుగా చూస్తూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మూడు వారాలు తిట్లు తిన్న ముఖాలు కదా, ఎందుకు మోగడం లేదని ఒక్కడు కూడా బుర్ర గోక్కోలేదు. నేను మాత్రం గోక్కున్నానా? లేదు. ఆ నాలుగు అంకెలూ ఉత్తరంలో మొదటి పేరాలోనే ఎక్కించాను.

పదిన్నరకి టీకని కిందికి దిగాను. మా గేటు పక్కన గోడకి ఆనుకుని ఒక పెద్దాయన చెవికి ఫోన్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడటం లేదు, ఊరికే వింటున్నాడు. రిటైరైన హెడ్మాస్టారు, పదిహేనేళ్ళుగా మా ఖాతాదారు. ఉత్తరంలో అచ్చుతప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్ది తిరుగు పోస్టులో పంపే మనిషి.

"ఎవరితో మాస్టారూ, ఇక్కడ నిలబడి?" అన్నాను.

"మీతోనేనమ్మా. మంగళవారం నుంచీ మీతోనే. మీ పాట నాకు నోటికొచ్చేసింది."

ఫోన్ నా చేతికిచ్చాడు. చెవికి పెట్టుకుంటే మా మరిది గొంతు వినిపించింది. మరిది అంటే బాబాయి అల్లుడు, మా చెల్లెలి మొగుడు. తేనె పూసుకుని మాట్లాడుతున్నాడు. మీ కాల్ మాకెంతో విలువైనది. కొనడానికి ఒకటి నొక్కండి. కొత్త ఖాతా తెరవడానికి రెండు నొక్కండి. మా అధినేత ఈ వారపు సందేశం వినడానికి మూడు నొక్కండి. మా సేవలను మెచ్చుకోవడానికి నాలుగు నొక్కండి. ఇతర విషయాలకు తొమ్మిది నొక్కి వేచి ఉండండి. తొమ్మిది నొక్కాను. పాట మొదలైంది. ఎండలో నిలబడి ఏడు నిమిషాలు విన్నాక టక్కున తెగిపోయింది.

"అమ్మడానికి ఏది నొక్కాలమ్మా?" అని అడిగాడు మాస్టారు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"ఎన్నిసార్లు చేశారు?"

"నిన్న ఒక్కరోజే పదిహేడుసార్లు. లోపలికి వద్దామంటే మీ వాచ్‌మన్ అపాయింట్‌మెంట్ ఉందా అంటాడు. అది కావాలంటే ఫోన్ చెయ్యాలట." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఈ పొద్దుటి ఉత్తరం, అచ్చు తీయించుకుని తెచ్చాడు. ఒక వాక్యం కింద ఎర్ర గీత ఉంది. "అమ్మేవాళ్ళు ఎవరూ మిగల్లేదని రాశారు కదా. నేను మిగిలానమ్మా. మా వీధిలో ఇంకో నలుగురున్నారు."

ఆ వాక్యం రాసినప్పుడు బాగా కుదిరిందని నేను ముచ్చటపడ్డాను కూడా. మాస్టారి చెయ్యి పట్టుకుని వాచ్‌మన్ ఎదురుగానే లోపలికి తీసుకెళ్ళి, డీలింగ్ గదిలో చాపిన కాళ్ళ మధ్య కుర్చీ వేయించి, ఆయన అమ్మమన్నది అమ్మి పంపమని చెప్పాను. తర్వాత మరిది గదికి వెళ్ళాను.

మా మరిదికి కంపెనీలో పదవి ఉంది, పని లేదు. పని లేనివాడు ఊరికే కూర్చున్నా బాగుండేది. కొత్త సంగతులు తీసుకొస్తుంటాడు. పోయినేడాది గోడలకి రంగులు మార్పించాడు, ఈ ఏడాది ఫోన్ల మీద పడ్డాడు.

"ఆ ఫోన్ మిషన్ మంగళవారం పెట్టించాం వదినగారూ. సూపర్‌గా పనిచేస్తోంది. కాల్స్ తొంభై అయిదు శాతం తగ్గాయి. మామయ్యగారు చాలా మెచ్చుకున్నారు," అన్నాడు.

"బయట నుంచి ఎన్ని వస్తున్నాయో చూపిస్తుందా అది?"

"ఎందుకు చూపించదు? అన్నీ చూపిస్తుంది." తెర నావైపు తిప్పాడు. నిన్న ఒక్కరోజు వచ్చిన ఫోన్లు రెండు వేల నూట పది. మనిషి దాకా చేరినవి తొమ్మిది.

ఆ రెండు అంకెలూ పక్కపక్కనే, ఒకే తెర మీద, ఒకే సైజులో ఉన్నాయి. ఆ మనిషి మూడు రోజులుగా వాటి ముందే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "అమ్మడానికి నంబరెందుకు పెట్టలేదు?" అని అడిగాను.

"నెగెటివ్‌గా ఉంటుందని," అన్నాడు.

అతన్ని తిట్టడానికి కూడా నాకు మనసొప్పలేదు. కొందరిని తిడితే మన నోరే పాడవుతుంది. ఆ తెరని అచ్చు తీయించుకుని బాబాయి గది ముందు కూర్చున్నాను. ఆయన కెమెరా ముందు ఉన్నాడు. అడుగు ఎలా తగిలిందో ఖాతాదారులకి రెండు గంటలు వివరించి, ఆ తర్వాత భోంచేసి, ఓ కునుకు తీసి, రెండూ ముప్పావుకి లోపలికి రమ్మన్నాడు.

"బాబాయ్, ఉత్తరం వెనక్కి తీసుకోవాలి."

"ఆఫీసులో సార్ అను."

"సార్, ఉత్తరం వెనక్కి తీసుకోవాలి." కాగితం ఆయన ముందు పెట్టాను. "ఫోన్లు ఆగలేదు. మనమే ఎత్తడం లేదు. నిన్న రెండు వేల ఫోన్లు వచ్చాయి. చాలామంది అమ్మడానికే చేసుంటారు, వాళ్ళకి నొక్కడానికి అంకె కూడా లేదు. వీళ్ళంతా ఇంకా అమ్మాల్సి ఉంది. అడుగూ లేదు, పాడూ లేదు."

ఆయన కళ్ళజోడు తీసి టై చివరతో తుడుచుకున్నాడు. తాపీగా పెట్టుకున్నాడు. కాగితం చదివాడు. నేను కంగారు పడతాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను, కనీసం అల్లుణ్ణి పిలుస్తాడనుకున్నాను. నవ్వాడు.

"కూర్చో అమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి, నీకు కారణాల పిచ్చి. ఫోన్లు ఎందుకు మోగలేదన్నది మనకెందుకు? మోగలేదు. అంతే కదా కావాల్సింది."

"ఎందుకు మోగలేదన్నదే కదా మన పద్ధతంతా. భయపడేవాళ్ళు అయిపోయారని కదా మనం చెప్పేది?"

ఆయన కుర్చీ వెనక్కి తిప్పి గోడ మీది ఫ్రేము కేసి చూశాడు. తన పెళ్ళి ఫొటోని కూడా ఆయన అంత ప్రేమగా చూడగా నేను చూడలేదు. "ఆ గురువారం ఫోన్లు ఎందుకు మోగలేదనుకున్నావు నువ్వు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మన వీధిలో రోడ్డు తవ్వారు. గడ్డపార తగిలి టెలిఫోన్ కేబుల్ తెగింది. రెండు రోజులు ఈ వీధిలో ఒక్క ఫోనూ పలకలేదు. ట్రేడింగ్ మిషన్లకి మేడ మీద డిష్ ఉండేది గనక అవి ఆడాయి. ఉత్తరం అచ్చుకి వెళ్ళిపోయాక సాయంత్రం బోర్డమ్మ వచ్చి చెప్పింది, లైన్లు చచ్చిపోయాయి సార్, కంప్లైంట్ ఇచ్చాను అని."

"మరి మీరేమన్నారు?"

"ఎవరికీ చెప్పకమ్మా అన్నాను."

ఇరవై రెండేళ్ళు. ఆ ఒక్క ఉత్తరం పేరు చెప్పుకుని ఎన్ని సభలు, ఎన్ని శాలువాలు, ఎన్ని ఇంటర్వ్యూలు. తొమ్మిది వందల మంది భయస్థులు ఒక్క రాత్రిలో ఎలా మాయమవుతారని ఈ ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. మోగని ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకుని చూసినవాడు లేడు. మా బాబాయి ఎలాగూ చూడడు, ఆయన జన్మలో తనంతట తాను ఫోన్ కలిపిన మనిషి కాదు. నాకు అసహ్యం వేసింది. ఆయన మీద వేసినదానికి రెట్టింపు నా మీద వేసింది. ఆ గడ్డపార దెబ్బకి సిద్ధాంతమని పేరు పెట్టి, తొమ్మిదేళ్ళు దానికి చక్కని తెలుగులో పేరాలు అల్లింది నేను.

"అది గుడ్డి అదృష్టం బాబాయ్."

"దాన్ని అనుభవం అంటారు. మార్కెట్ లేచిందా, లేదా?"

"లేచింది."

"నేను చెప్పాక లేచిందా, చెప్పకముందా?"

"చెప్పాక."

"మరింకేం కావాలి నీకు? మంగళవారం అల్లుడు మిషన్ పెట్టగానే ఫోన్లు ఆగాయి. అప్పుడూ అంతే, ఎవడో వచ్చి తవ్వాడు, ఆగాయి. ఇలాంటివి ఊరికే జరగవు అమ్మాయ్."

నమ్మే చెబుతున్నాడు. అదే నన్ను ఎక్కువ మండించింది. మోసగాడైతే కనీసం వాడికి నిజమేదో తెలిసి ఉంటుంది. ఈయన ఒక తెగిన తీగని ఇరవై రెండేళ్ళు తలుచుకుని తలుచుకుని తన తెలివిగా చేసుకున్నాడు. ఆ తెలివిని నమ్మి ఇప్పుడు పదకొండు వేలమంది చెక్కుబుక్కులు తీస్తున్నారు.

"బోర్డమ్మ గారు ఉన్నదంతా పెడుతున్నారు. ఇల్లు కొనుక్కోవాల్సిన డబ్బు," అన్నాను.

"మంచిది. నమ్మకమున్న మనిషి. ఇన్నేళ్ళూ ఆ కేబుల్ మాట ఎక్కడా పొక్కనివ్వలేదు. అందుకే కదా ఇన్నాళ్ళు ఉంచాను," అని గడియారం చూసుకున్నాడు. మాట్లాడటం అయిపోయిందని అర్థం. తలుపు దగ్గరికి వెళ్ళాక వెనక నుంచి, "వచ్చే వారం ఉత్తరం కాస్త పొగరుగా రాయి," అన్నాడు.

నా గదికి వచ్చేసరికి మూడు అయిదు. బోర్డమ్మ నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉంది. నీలం చీర, చేతిలో సంచీ, పెట్టుకున్న కళ్ళజోడుకి ఒక పక్క దారం. నేను బోర్లా పెట్టిన కాగితం తిప్పి నా వైపుకి సరిగా పెట్టి ఉంచింది.

"ఇంకా పెట్టలేదా అమ్మా సంతకం?" అంది.

తలుపు వేసి ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. "బోర్డమ్మ గారూ, ఈ డబ్బు షేర్లలో పెట్టకండి. ఉత్తరం తప్పు. ఫోన్లు ఆగింది జనం భయం తీరి కాదు, మా మరిది మిషన్ వల్ల."

"తెలుసమ్మా. ఆ మిషన్ పెట్టిన రోజే కదా నన్ను మెట్ల కింద కుర్చీలోకి మార్చారు. తొమ్మిది నొక్కి ఏడు నిమిషాలు ఓపిక పట్టినవాళ్ళే నా దాకా వస్తారు. నాకు తెలియదా?"

"మరి తెలిసీ ఆ తొమ్మిది గీతలు పుస్తకంలో పెట్టి సార్‌కి చూపించారా?"

"వచ్చినవి తొమ్మిదే. తొమ్మిదే పెట్టాను. ఎన్ని వచ్చాయని అడిగారు గానీ, ఎందుకింతే వచ్చాయని ఆయన అడగలేదు. నువ్వూ అడగలేదు."

నీళ్ళు తాగాను. "కేబుల్ సంగతి కూడా చెప్పారు సార్. మీకు ఇదంతా ఉత్తుత్తిదని అప్పట్నించీ తెలుసు. అందరికంటే ముందు మీకే తెలుసు. తెలిసి తెలిసి ఎలా పెడతారండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఫోన్లో నంబరు చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"అప్పుడు నాకు ముప్ఫై అయిదేళ్ళు. ఇంటికని దాచుకున్న డబ్బుంది. ఆఫీసులో అందరూ పెట్టారు. డీలర్లు పెట్టారు, అకౌంటెంట్ పెట్టాడు, అప్పటి వాచ్‌మన్ కూడా పెట్టాడు. నేను ఒక్కదాన్నే పెట్టలేదు. ఎందుకంటే కేబుల్ తెగిందని నాకు తెలుసు. జనం ఇంకా భయంగానే ఉన్నారు, లైను కలిస్తే మళ్ళీ తొమ్మిది వందలు మోగుతాయి అనుకున్నాను. సోమవారం మార్కెట్ లేచింది. ఆ వాచ్‌మన్‌కి ఇప్పుడు రెండంతస్తుల ఇల్లుంది. నిజం తెలిసిన నేను ఈ ఇరవై రెండేళ్ళలో పదకొండు అద్దిళ్ళు మారాను."

నేను కాగితం పక్కకి జరిపాను.

"తెలుసుకుని ఏం బాగుపడ్డానమ్మా? ఈసారి తెలియనట్టే ఉంటాను. పెట్టు సంతకం."

"మార్కెట్ ఇంకా పడితే ఆ ఇల్లు పోతుంది. మళ్ళీ సంపాదించే వయసు కాదండీ మీది."

"పడుతుందా?"

"పడొచ్చు."

"పడుతుందని తెలుసా నీకు?"

తొమ్మిదేళ్ళలో నేను నాలుగు వందల పైచిలుకు ఉత్తరాలు రాశాను. ప్రతిదాంట్లో ఏం జరగబోతోందో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వాటిలో ఎన్నడూ రాయని ఒక మాట ఇప్పుడు నా నోట్లోంచి వచ్చింది. "తెలియదు."

"లేవదని తెలుసా?"

"అదీ తెలియదు."

"నీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. మరి ఆయన మాట విని నేను చెడిపోతే తప్పయినప్పుడు, నీ మాట విని చెడిపోతే తప్పు కాదా?" ఆవిడ పెన్ను తీసి కాగితం మీద పెట్టింది. "అప్పుడు నన్ను ఎవరూ ఆపలేదు, నేనే ఆగాను. ఈసారి నువ్వు ఆపితే, రేపు మార్కెట్ లేస్తే, నీ ముఖం నేను చూడలేనమ్మా."

ఇంతసేపూ అందరినీ పురుగుల్లా చూస్తూ వచ్చాను. బాబాయిని, మరిదిని, కాళ్ళు చాపుకున్న డీలర్లని. ఈవిడ ముందు మాత్రం ఆ చూపు నిలబడలేదు. మా అందరి కోతలకీ కూలిపోయేది ఎవరి ఇల్లో, ఆ మనిషి ఎదురుగా కూర్చుని పెన్ను చేతికిస్తోంది. నా చేతకానితనం మీద నాకే ఒళ్ళు మండింది.

గడియారం మూడు పదమూడు. గోడ మీది తెరలో పొద్దుటి నుంచి పడుతూ ఎర్రగా ఉన్న మార్కెట్ సూచీ ఒక్కసారి తడబడి, పైకి లేచి పచ్చగా మారింది. పక్క గదిలో డీలర్లు ఈలలు వేశారు. బోర్డమ్మ తల తిప్పి తెరని చూసింది, నన్ను చూసింది. ఆ పచ్చరంగు అడుగు తగిలి లేవడమో, పడబోయే ముందు చిన్న ఎగురో, ఈ భూమ్మీద చెప్పగలిగిన వాడెవడూ లేడు. చెప్పగలనని డబ్బా కొట్టుకునేవాళ్ళు మాత్రం ఈ బిల్డింగ్‌లోనే ఒక అంతస్తు నిండా ఉన్నారు.

పెన్ను అందుకున్నాను.

తలుపు తోసుకుని డీలర్లలో అందరికంటే పెద్దవాడు వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆయన్ని అంత గాభరాగా నేనెప్పుడూ చూడలేదు. బోర్డమ్మని చూసి ఒక్క క్షణం తటపటాయించి, నా ముందు ఇంకో కాగితం పెట్టాడు. "ఇది కూడా మీ సంతకానికేనమ్మా. మూడున్నర లోపల అయిపోవాలట. ఇప్పుడే డ్రైవర్ తెచ్చాడు," అని గొంతు తగ్గించాడు. "సార్‌కి చెప్పొద్దన్నారు."

అమ్మకం కాగితం. పేరు మా పిన్నిది, అంటే బాబాయి భార్యది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ పేరు మీద పోగైన షేర్లన్నీ, ఒక్కటి మిగల్చకుండా, ఎంతొస్తే అంతకి అమ్మేయమని ఉంది. కారణం అన్న గడిలో పిన్ని చేతిరాత. "ఉత్తరం చదివాను. ఆయన సంగతి నాకు తెలుసు."

రెండు కాగితాలూ నా ముందు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అన్నీ కొనమంటోంది, ఒకటి అన్నీ అమ్మమంటోంది. రెండిట్లోనూ కారణం నా ఉత్తరమే. దాచేద్దామనుకునేలోపే బోర్డమ్మ ముందుకి వంగి, కళ్ళజోడు పెట్టుకుని, పిన్ని రాసినదాన్ని తలకిందులుగానే మెల్లగా చదివింది. ఇరవై ఆరేళ్ళు ఎదుటివాళ్ళ కాగితాలు అలా చదివిన అలవాటు.

చదివి వెనక్కి ఆనుకుంది. ఆవిడ గొంతు మొదటిసారి వణికింది.

"రెండిట్లో ముందు దేని మీద పెడతావమ్మా సంతకం?"